పెట్రోలు మూత మీద బొట్టు

బండి దారిలో ఆగిపోతే జనం ముందు నడిపేవాళ్ళ మొహం చూస్తారు, ఆ తర్వాతే బండి వంక చూస్తారు. నడిపేది ఆడమనిషైతే బండి వంక చూడాల్సిన పని కూడా ఉండదు వాళ్ళకి. మొన్న మంగళగిరి దాటి గుంటూరు వైపు వస్తుంటే నా మోటారు సైకిలు ఆగిపోయింది. కొత్త బండేం కాదు, కానీ ఆ వారమే సర్వీసింగు చేయించి తెచ్చుకున్నాను. పక్కకు తోసి, స్టాండు వేసి, పెట్రోలు ఉందో లేదో చూద్దామని టాంకు మూత తిప్పాను. ‘స్స్’ మంటూ టాంకు లోపలికి గాలి పీల్చుకుంది. మూత బిగించి బటన్ నొక్కితే వెంటనే స్టార్టయింది. ఆ ‘స్స్’ చప్పుడు విని ఎన్నేళ్ళయిందో. రోడ్డు పక్కన లారీల దుమ్ములో నిలబడి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ తర్వాత కోపం వచ్చింది, ఎందుకంటే ఆ చప్పుడు దేనివల్ల వస్తుందో నాకు బాగా తెలుసు, తెలిసి ఉండాల్సిన వాళ్ళకే తెలియలేదు.

సర్వీసు సెంటర్‌లో మేనేజరు కుర్రాడు చాలా మర్యాదస్తుడు. కుర్చీ వేసి, మంచినీళ్ళు ఇచ్చి, “అమ్మా, ఏమీ అనుకోకండి. మీ వయసుకి ఈ బండి బరువైపోతుందండి. క్లచ్ సరిగ్గా వదలట్లేదేమో, అందుకే ఆగిపోతున్నట్టుంది. మంచి స్కూటర్ చూపించమంటారా?” అన్నాడు. “స్కూటర్ తర్వాత చూద్దాం బాబూ, ముందు ఆ సీటు తీసి టాంకు ఎత్తించు” అన్నాను. దాని కింద మూడు గొట్టాలుంటాయని, ఒకటి పెట్రోలు కిందికి దిగేదని, ఒకటి ఇంజను పీల్పుతో పెట్రోలు కుళాయి తెరుచుకోవడానికి పెట్టిన వాక్యూమ్ గొట్టమని, మూడోది టాంకులోకి గాలి పోయే దారి అని, ఆ మూడోది ఎక్కడో నలిగి ఉంటుందని చెప్పాను. అతను నమ్మలేదు గాని పెద్దదాన్ని కదా అని ఎత్తించాడు. గాలి గొట్టం టాంకుకీ ఫ్రేముకీ మధ్య ఇరుక్కుని బల్లపరుపుగా అణిగిపోయి ఉంది. సర్వీసింగులో టాంకు దించి మళ్ళీ పెట్టినవాళ్ళు చూసుకోలేదు. వాక్యూమ్ గొట్టం కూడా చివర చిట్లి ఉంటే ఆ ముక్క కోయించి మళ్ళీ తొడిగించాను. “మీరు మెకానికల్ చదివారా అమ్మా?” అన్నాడు. “తెలుగు చదివాను నాయనా. ఇది మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను” అన్నాను. హాస్యమాడుతున్నానని నవ్వాడు. నేను హాస్యమాడలేదు.

మా ఊరు అద్దంకికి దగ్గర, చుట్టూ నల్లరేగడి. ప్రత్తి, మిరప తప్ప ఇంకో పంట ఉంటుందని చిన్నప్పుడు నాకు తెలియదు. నాన్న ఊళ్ళో అర్చకత్వం చేసేవారు. తెల్లవారుజామున బావి దగ్గర చేద గిలక కిర్రుమనడం, తడి పంచె పిండుతున్న చప్పుడు, సాంబ్రాణి వాసన, ఇవన్నీ వరసగా వచ్చేవి మా ఇంట్లో. మాఘం దాటాక వాటన్నిటి మీదికీ మిర్చి ఘాటు ఎక్కేది. కల్లాల్లో కాయ ఆరబోసిన రోజుల్లో గాలి మా వైపు తిరిగిందంటే నాన్న మంత్రం మధ్యలో తుమ్మేవారు, తుమ్మి, ఆచమనం చేసి, మళ్ళీ మొదటినుంచి ఎత్తుకునేవారు. ఆ తుమ్ములతో ఒక్కో రోజు పూజ బాగా పొద్దెక్కేదాకా సాగేది. అమ్మ మాత్రం ఎప్పుడూ తుమ్మలేదు. ఆవిడకి అంత తీరిక ఉండేది కాదు.

అమ్మకు ఒక పద్ధతి ఉండేది. ఇంట్లో మనకోసం పనిచేసే ప్రతిదానికీ శుక్రవారం పొద్దున బొట్టు పెట్టాలి. గడప, పొయ్యి, రుబ్బురోలు, తిరగలి, బావి గిలక, కుట్టు మిషను, ఆఖరికి కత్తిపీట. పసుపూ గంధమూ కలిపి చిక్కగా ముద్ద చేసి, దాన్ని బొటనవేలితో అద్ది, మధ్యలో కుంకుమ పెట్టేది. “మన కోసం కష్టపడుతున్నాయి. వారానికోసారి పలకరించకపోతే ఏం బావుంటుంది?” అనేది. అన్నయ్య ఒంగోల్లో ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ తన మోటారు సైకిలు ఇంటి దగ్గర వదిలేస్తే, ఆ వరసలో అది కూడా చేరింది. మనిషికి నుదురు ఎక్కడుంటుందో బండికి అక్కడ పెట్టాలి కదా అని ఆలోచించి, ఎదురుగా కనిపించే గుండ్రటి పెట్రోలు మూతే దాని నుదురని తేల్చింది. ప్రతి శుక్రవారం తడిగుడ్డతో పాత బొట్టు అద్ది తుడిచి, దాని మీదే కొత్తది పెట్టేది.

నాకు టీచరు ఉద్యోగం వచ్చింది. వేసిన ఊరికి బస్సు లేదు. బండ్లబాట, అదీ రేగట్లో. అక్కడే గది తీసుకుని ఉంటానంటే నాన్న ఒప్పుకోలేదు. అన్నయ్య వచ్చినప్పుడు ఎండిపోయిన వాగులో నాకు బండి నేర్పాడు. చీర కింద అన్నయ్య పాత పంట్లాం తొడుక్కుని, కొంగు బిగించి దోపుకుని నేను వీధిలో మొదటిసారి బండి మీద వెళ్ళినప్పుడు అరుగుల మీద మాటలు ఆగిపోయాయి. నేను చూసీ చూడనట్టు వెళ్ళాను. బండి మీద బడికి వెళ్ళడానికి నాన్న ఒప్పుకున్నారంటే అది అమ్మ పోరుకే. ఒప్పుకుంటూ ఒక్కటే అన్నారు. “దారిలో ఆగిపోయి నలుగురి నోళ్ళలో పడకూడదు. పడితే ఇంతటితో సరి.” అంటే బండి పోతే బడి పోతుంది, బడి పోతే నేను మళ్ళీ కత్తిపీట ముందుకి వస్తాను.

మొదట్లో బాగానే నడిచింది. మిర్చి కోతల కాలం వచ్చేసరికి ఆగడం మొదలుపెట్టింది. ఎక్కడబడితే అక్కడ కాదు, సరిగ్గా మిర్చి కల్లాల ముందే. నడుస్తూ నడుస్తూ ముందు కాస్త బలం తగ్గేది, ఆ తర్వాత రెండుసార్లు ఎగిసి ఆగిపోయేది. కల్లంలో తాలుకాయలు ఏరుతున్న ఆడవాళ్ళు ముక్కుకీ మూతికీ గుడ్డలు కట్టుకుని వరసగా కూర్చుని ఉండేవాళ్ళు, ఆ గుడ్డల వెనకనుంచి నవ్వులు వినిపించేవి. “ఏందమ్మా పంతులమ్మా, మళ్ళా ఆగిందా? నీ బండికి మా మిరగ్గాయంటే మోజులాగుందే!” అనేవాళ్ళు. వాళ్ళ నవ్వులో విషం లేదు. కానీ అక్కడ నవ్విన నవ్వు మధ్యాహ్నానికల్లా ఊళ్ళోకి చేరిపోయేది. నేను ప్లగ్ తీసి తుడిచేదాన్ని, పెట్రోలు గొట్టం లాగి చూసేదాన్ని, మూత తీసి లోపలికి తొంగి చూసేదాన్ని. మూత తిప్పగానే ‘స్స్’ మనేది, పెట్రోలు ఆవిరేమో అనుకున్నాను. అన్నీ ఒకేసారి చేసి, రాముణ్ణి కూడా తలుచుకుని కిక్ కొడితే స్టార్టయ్యేది. వాటిలో దేనికి కుదిరిందో మాత్రం తెలిసేది కాదు. అద్దంకిలో మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే అతనూ మొదట మూత తీసేవాడు. పెట్రోలు ఉందని చూసి, మూత పెట్టి, ఒక చుట్టు తిరిగి వచ్చి, “బండి బంగారంలా ఉంది. నడపటంలో ఉందమ్మా” అనేవాడు.

బండి ఆగిన కబురు వచ్చినప్పుడల్లా అమ్మ మనసు చివుక్కుమనేది. ఏదో దిష్టి తగిలిందనుకుని మరుసటి శుక్రవారం బొట్టు ఇంకాస్త పెద్దది పెట్టేది. ఒక్కోసారి మంగళవారం కూడా పెట్టేది.

మా బాబాయి, అంటే నాన్న తమ్ముడు, పక్క వీధిలోనే ఉండేవాడు. ముహూర్తాలు పెట్టడం ఆయన వృత్తి, ఎవరూ అడక్కపోయినా సలహాలు చెప్పడం ఆయన అలవాటు. రోజూ సాయంత్రం వచ్చి మా అరుగు మీద కూర్చుని వక్కపలుకులు నములుతూ ఊరి సంగతులన్నీ నాన్న చెవిన వేసేవాడు. ఒకరోజు బండి సంగతి ఎత్తాడు.

“ఆ బండికి మన గడప అచ్చిరాలేదన్నయ్యా. కొన్న నక్షత్రం మంచిది కాదు. అది కాక ఆడపిల్ల ఎక్కే వస్తువా అది?”

నాకు ఒళ్ళు మండింది. “బాబాయ్, నీ సైకిలుకి వారం వారం పంక్చరు పడుతుంది. మరి అదే నక్షత్రం?” అన్నాను.

“చూశావా అన్నయ్యా, బండి ఎక్కాక నోరు ఎట్లా లేచిందో!”

“నువ్వు లోపలికి పో అమ్మాయ్” అన్నారు నాన్న. నేను పోలేదు. గుమ్మంలోనే నిలబడ్డాను. ఇంకొక్కసారి ఆగితే అమ్మేద్దామని నాన్న అన్న మాట, “ఎరువుల కొట్టతను బండి కోసం చూస్తున్నాడు, నేను మాట్లాడి పెడతా” అని బాబాయి అన్న మాట, రెండూ నా ఎదురుగానే జరిగాయి. మర్నాడు కల్లాల ముందు బండి ఆగనే ఆగింది.

శుక్రవారం పొద్దున్నే అద్దంకి నుంచి ఆ కొట్టతను వస్తాడని బాబాయి కబురు చేశాడు. నేను తెల్లారకముందే లేచి కూర్చున్నాను. ఆ వేళకే అమ్మ బండి కడిగి, మూత నిండా పసుపు ముద్ద పెట్టి, దాని మధ్యలో రూపాయి బిళ్ళంత కుంకుమ పెట్టేసింది. అమ్మబోయే బండికి కూడా అంత శ్రద్ధగా పెట్టింది, పెళ్ళికూతురికి పెట్టినట్టు. వంటింట్లోకి వెళ్ళి పీట మీద కూలబడ్డాను. అమ్మ పులిహోరకి కొత్త నూనె డబ్బా తెరుస్తోంది. మేకు ఒక మూల పెట్టి పచ్చడిబండతో ఒక్కటిచ్చింది, చిల్లు పడింది. మేకు ఎదుటి మూలకి జరిపి ఇంకోటి పొడిచింది. పుట్టినప్పటినుంచి చూస్తున్న పనే, ఎప్పుడూ అడగాలని తోచలేదు. ఆ రోజెందుకో అడిగాను.

“రెండెందుకమ్మా? నూనె ఒక దాంట్లోంచేగా వచ్చేది?”

“రెండోది గాలికే. లోపలికి గాలి పోకపోతే నూనె బయటికెలా వస్తుంది? ఇదిగో చూడు.” డబ్బా వంచి జాడీలోకి పోస్తూ రెండో చిల్లు మీద వేలు పెట్టింది. ధార సన్నబడింది, సన్నబడి ఆగిపోయింది. వేలు తీసింది. మళ్ళీ వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. బండి రోజూ ఒకే చోట ఆగడానికి కల్లాలు కారణం కాదు, మిర్చి కారణం కాదు, నేను కారణం కాదు. ఇంటినుంచి అంత దూరం పోయేసరికి టాంకులో పెట్రోలు కొంత దిగేది, దిగిన చోట్లోకి గాలి రాకపోయేసరికి పెట్రోలు అక్కడే బిగబట్టుకునేది. మూత తీస్తే గాలి పోయేది, అందుకే మెకానిక్ చేతిలో అది ఎప్పుడూ బంగారమే. మరి గాలి పోవాల్సిన చిల్లు ఎక్కడుందో నాకు తెలుసు. మూత మీద, తాళంచెవి పెట్టే చోటు పక్కన, సూది మొనంత. రోజూ చేత్తో పట్టుకున్న మూతే అది.

జాకెట్టుకు పెట్టుకున్న పిన్నీసు లాగి వాకిట్లోకి పరుగెత్తాను. అప్పుడే బాబాయి ఆ కొట్టతన్ని వెంటబెట్టుకుని లోపలికి వస్తున్నాడు. నాన్న అరుగు మీద ఉన్నారు. నేను బండి దగ్గర ఆగిపోయాను. ఆ చిల్లు అందాలంటే బొట్టు చెరపాలి. శుక్రవారం పూట, అర్చకుల ఇంట్లో, కన్నతల్లి పెట్టిన బొట్టు. పైగా ఎందుకు చెరిపావని అడిగితే చెప్పాల్సిన కారణం ఇంకా ఘోరం. ఇన్నాళ్ళూ బండిని ఆపింది అమ్మ అని అంతమందిలో నేనెలా అనను? బాబాయి చేతికి ఆ మాట దొరికితే అమ్మని బతికినన్నాళ్ళూ ఆడిపోసుకుంటాడు. చెప్పకుండా ఊరుకుంటే బండి గేటు దాటి పోతుంది. బండి వైపు చూశాను, ఆ కొట్టతని చేతిలో ఉన్న తాడు వైపు చూశాను, కట్టి లాక్కుపోవడానికి సిద్ధపడే వచ్చినట్టున్నాడు. పిన్నీసు కుంకుమలో గుచ్చాను.

“అన్నయ్యా! చూస్తున్నావా? శుక్రవారం పూట బొట్టు చెరిపేస్తోంది!” అని బాబాయి కేక పెట్టాడు. నాన్న లేచి నిలబడ్డారు. నేను తల ఎత్తలేదు. గుచ్చి తిప్పుతుంటే చిల్లులోంచి గట్టిపడిన పసుపు ముద్ద సన్నటి పుల్లలా బయటికి వచ్చింది. దాని వెనకే ‘స్స్’ మంది.

కేక విని అమ్మ నూనె చేత్తోనే బయటికి వచ్చింది. నా చేతిలోంచి పిన్నీసు తీసుకుని, కొనకున్న ఆ పసుపు పుల్లని వెలుతుర్లో పెట్టి చూసింది. ఆవిడకి విడమర్చి చెప్పాల్సిన అవసరం రాలేదు. మొహం ఒక్క క్షణం పాలిపోయింది. తర్వాత కొంగు తీసి మూత మీద బొట్టంతా తనే శుభ్రంగా తుడిచేసింది.

“ఏవండీ, దీని ముక్కు మూసింది నేనేనండీ. పసుపు ముద్దతో చిల్లు పూడ్చేశాను. పాపం పిల్ల ఇన్నాళ్ళూ మాటలు పడింది” అంది.

బాబాయి నవ్వాడు. “బావుంది వదినా. బొట్టు పెడితే బండి ఆగిందా? ఎవరన్నా వింటే నవ్విపోతారు.”

“నవ్వనీ సీతాపతీ. నేను చిల్లు చూసుకోకుండా పూసినందుకు నన్ను నవ్వండి. అది నక్షత్రం తప్పూ కాదు, పిల్ల తప్పూ కాదు.” అని నా వైపు తిరిగింది. “బండి తియ్యవే, బడికి టైమవుతోంది. నేనూ వస్తాను.”

“నువ్వా? మడి చీరతోనా?” అన్నారు నాన్న.

“మడి మళ్ళీ కట్టుకుంటాను” అంది అమ్మ.

బాబాయి కొట్టతన్ని అరుగు మీద కూర్చోబెడుతూ, “ఉండవయ్యా, కల్లాల దాకా పోయి ఇద్దరూ తోసుకుంటూ వస్తారు” అనడం నాకు వినిపించింది. అమ్మకూ వినిపించే ఉంటుంది. ఒకవైపుగా కూర్చుని నా భుజం గట్టిగా పట్టుకుంది. ఆ చేతి నూనె నా జాకెట్టుకంతా అయింది. కల్లాలు దగ్గరపడుతుంటే బలం తగ్గుతుందేమోనని చెవులు రిక్కించి విన్నాను. తగ్గలేదు. ఎర్రగా ఆరబోసిన కాయల మధ్యనుంచి ఆడవాళ్ళు లేచి నిలబడ్డారు. “ఓయమ్మో, అమ్మగారు కూడానా! పంతులమ్మా, ఇయ్యాల ఆగలేదేందే!” అని అరిచారు. ఎప్పుడూ గడప దాటి గొంతెత్తని మా అమ్మ, “ఇంక ఆగదే!” అని వాళ్ళకంటే గట్టిగా అరిచింది.

ఒంటిపూట బడి. నేను పాఠం చెబుతున్నంతసేపూ అమ్మ వరండాలో గోడకి ఆనుకుని కూర్చుని వింది. ఆ కూర్చున్న తీరు నాకిప్పటికీ కళ్ళకు కట్టినట్టు ఉంది. ఈ మధ్య నన్ను బండి మానెయ్యమని చెప్పేవాళ్ళని చూస్తే ఆవిడే గుర్తుకొస్తుంది. ఇప్పుడెవరూ నక్షత్రాలూ గడపలూ అనరు. వయసంటారు, బరువంటారు, రోడ్లు బాగాలేవంటారు. గొంతులు మెత్తబడ్డాయి, కుర్చీ వేసి మంచినీళ్ళిస్తున్నారు, ఆ మేరకు కాలం మారిందని ఒప్పుకుంటాను. మా ఊరికిప్పుడు తారు రోడ్డుంది, మిర్చి కోల్డు స్టోరేజీకి పోతోంది, ఆడపిల్లలు బళ్ళ మీద కాలేజీలకు వెళ్తున్నారు, వాళ్ళను ఎవరూ ఆగి చూడటం లేదు. ఇదంతా మంచికే. కానీ బండిలో లోపం వస్తే ముందు నాలో వెతికే అలవాటు మాత్రం అప్పుడెంత ఉందో ఇప్పుడూ అంతే ఉంది. నాకు మోకాళ్ళు నొప్పి ఉన్న మాట నిజమే. ఆ నొప్పి నాది, గొట్టం నలిగింది వాళ్ళ చేతుల్లో. రెండూ కలిపి నా ఖాతాలో వేస్తానంటే పడను. అప్పుడూ పడలేదు. అప్పుడైతే నా పక్కన నిలబడటానికి ఒక మనిషి ఉంది, ఇప్పుడు లేదు, అంతే తేడా. ఆవిడ లేదన్న బాధ ఉంది గాని, ఆవిడ నిలబడటం చూసినదాన్ని కనుక ఒక్కదాన్నే నిలబడటం నాకు కష్టంగా లేదు.

బడి వదిలాక ఎండ నెత్తిన పడుతుండగా ఇద్దరం తిరిగి వచ్చాం. బండి ఎక్కడా ఆగలేదు. వీధి మలుపు తిరిగేసరికి బాబాయి అరుగు దిగి మా వైపు చూస్తున్నాడు. కొట్టతను తాడు చుట్ట చుట్టుకుని స్తంభానికి జారబడి కునుకు తీస్తున్నాడు. ఇంజను చప్పుడుకి ఉలిక్కిపడి లేచాడు. నాన్న గుమ్మంలోకి వచ్చారు. అమ్మ బండి దిగి, చీర దులుపుకుని, ఎవరి వంకా చూడకుండా లోపలికి వెళ్ళి పెద్ద గ్లాసుడు మజ్జిగ తెచ్చి ఆ కొట్టతని చేతికిచ్చింది.

“తాగు నాయనా, పొద్దుటినుంచి కాచుకుని కూర్చున్నావు. బండి మాత్రం ఇవ్వం. రేపు మా అమ్మాయి బడికెళ్ళాలి.”